దగ్గరి ఊరికి దూరపు కిరాయి

ఒక లెక్క చెప్తాను, విను నాయనా. నువ్వుండే డల్లాస్ నుంచి తూర్పుగా 147 మైళ్ళు పోతే మార్షల్ అని ఒక ఊరుంది. అదే మార్షల్‌కు అవతలి దిక్కున, 42 మైళ్ళలో ష్రీవ్‌పోర్ట్ అని ఇంకో ఊరు. 1911 ప్రాంతంలో డల్లాస్‌లో ఒక గుర్రబ్బండి కొని మార్షల్‌కు రైల్లో వేస్తే, వంద పౌన్ల బరువుకు, అంటే మన 45 కిలోలకు, 36.8 సెంట్లు కిరాయి. అదే బండిని ష్రీవ్‌పోర్ట్‌లో కొని వేస్తే 56 సెంట్లు. దూరం మూడోవంతు కూడా లేదు, కిరాయేమో ఒకటిన్నర రెట్లు. రైలు కంపెనీ ఒకటే, పట్టాలూ అవే. మరి తేడా ఎక్కడొచ్చింది?

ఫోన్ తీయకు. అందులో వెతికితే ఒక్క ముక్కలో జవాబు దొరుకుతుంది గానీ ముచ్చట దొరకదు. ఆ కట్టె కాస్త లోపలికి తోసి కూర్చో. చలి ఎటూ పోదు, నీ ఇంజినీరింగ్ బుర్ర కూడా ఎటూ పోదు.

తేడా అంతా ఒక గీతలో ఉంది. డల్లాస్, మార్షల్ రెండూ టెక్సాస్ ఊళ్ళు. ష్రీవ్‌పోర్ట్ గీత అవతల, లూసియానాలో ఉంది. టెక్సాస్ లోపల్లోపల తిరిగే సరుకుకు కిరాయి ఎంతో ఆ రాష్ట్రపు రైల్‌రోడ్ కమిషన్ నిర్ణయించేది. గీత దాటి వచ్చే సరుకు జోలికి మాత్రం అది పోకూడదు. అది వాషింగ్టన్‌లో కూర్చున్న అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ పనిగా ఉండేది. టెక్సాస్ వాళ్ళు తమ లోపలి కిరాయిలు బాగా దించేశారు. బయటినుంచి వచ్చే సరుకు మీద కంపెనీలు తమ పాత ఎత్తులోనే వసూలు చేసుకుంటూ పోయాయి. ఎవరి మేర వాళ్ళు సర్దుకున్నారు, మధ్యలో ష్రీవ్‌పోర్ట్ కొట్ల ముందు సరుకు పేరుకుపోయింది.

ఆ రోజుల్లో కిరాయి అంటే ఏమిటో నీకు చెప్పాలి. నీకు గుమ్మంలోకే పెట్టె వచ్చి పడుతుంది, కిరాయి ఉచితం అని దాని మీద రాసి ఉంటుంది, నువ్వూ నమ్ముతావు. అప్పుడు లారీలు అరుదు, వాటికి తగ్గ రోడ్లూ లేవు. పల్లెటూరి కొట్టువాడికి సూది మొదలు నాగలి దాకా రైలే తేవాలి. పెద్ద ఊళ్ళ టోకు వర్తకులు తమ మనుషుల్ని పంపేవాళ్ళు. వాళ్ళను డ్రమ్మర్లనేవారు. నమూనాల పెట్టె ఒకటి పట్టుకుని, స్టేషన్ స్టేషన్‌కీ దిగి, కొట్టువాడి కుశలం అడిగి, పిల్లలకు చేతిలో ఏదో మిఠాయి పెట్టి, చివరికి నెమ్మదిగా ఆర్డరు పుస్తకం తీసేవాళ్ళు. అంతా అయ్యాక కొట్టువాడు అడిగే మాట ఒకటే: సరుకు నా కొట్లోకి చేరేసరికి ఎంత పడుతుంది? అక్కడ ష్రీవ్‌పోర్ట్ మనిషి నోరు మూతపడేది.

మార్షల్ ఒక్కటే కాదు. లఫ్‌కిన్ అని పైన్ చెట్ల అడవుల మధ్య ఇంకో ఊరు. హ్యూస్టన్ నుంచి 118 మైళ్ళు, మొదటి తరగతి సరుకుకు 50 సెంట్లు. ష్రీవ్‌పోర్ట్ నుంచి 112 మైళ్ళు, 69 సెంట్లు. మొదటి తరగతి అంటే మెత్తటి సీట్లనుకునేవు. మనుషుల సంగతి కాదు, సరుకునే తరగతులుగా విడదీసేవాళ్ళు. బట్టలు, బూట్లు లాంటి ఖరీదైన చిల్లర సరుకు మొదటి తరగతి, ఆ కింద ముతక సరుకులు వరసగా. లాంగ్‌వ్యూకు కుర్చీలు, మంచాలు వేయాలంటే డల్లాస్ నుంచి 124 మైళ్ళకు 24.8 సెంట్లు, ష్రీవ్‌పోర్ట్ నుంచి 66 మైళ్ళకు 35 సెంట్లు. ఇంకోలా చూడు. మొదటి తరగతి సరుకుకు అరవై సెంట్లు చేతిలో పెడితే డల్లాస్ సరుకు తూర్పుకు 160 మైళ్ళు పోతుంది. ష్రీవ్‌పోర్ట్ సరుకు టెక్సాస్‌లోకి 55 మైళ్ళు పోయి ఆగిపోతుంది.

పాపం, ఆ ఊరు పుట్టిందే ఆ వ్యాపారం కోసం. దాని కథ కాస్త చెప్పి మళ్ళీ దారిలోకి వస్తాను, నీకేం పోయింది. ఎర్రనది అని ఒక నది ఉంది కదా, అందులో వందల ఏళ్ళుగా కొట్టుకొచ్చిన మాన్లు, మొద్దులు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని నూరు మైళ్ళకు పైగా నదినే మూసేశాయి. పడవ పోయే సందు లేదు. 1833లో హెన్రీ మిల్లర్ ష్రీవ్ అనే పడవల కెప్టెన్ ఆవిరి పడవలు తీసుకొచ్చి, ఆ మొద్దులు ఒక్కొక్కటే లాగి, కోసి, ఏళ్ళ తరబడి శ్రమపడి దారి తీశాడు. ఆ తీసిన చోట లేచిన ఊరికే ఆయన పేరు పెట్టారు. నదిలో వచ్చిన సరుకు అక్కడ దిగి, ఎద్దుల బండ్ల మీద తూర్పు టెక్సాస్‌కు పోయేది. అంటే రైలు రాకముందే ఆ ఊరికి టెక్సాస్ పల్లెలు అలవాటైన గిరాకీ. నది మూసుకుపోతే మొద్దులు లాగొచ్చు. కాగితం మీద మూసేస్తే ఏం లాగుతావు?

సరే, దారిలోకి వస్తున్నా. టెక్సాస్ వాళ్ళను దుర్మార్గులనుకోకు, వాళ్ళ కడుపుమంట వాళ్ళకుంది. రైలు కంపెనీలు తొలిరోజుల్లో జనాన్ని పీల్చి పిప్పిచేశాయి. పోటీ ఉన్న చోట చవగ్గా, లేని చోట రైతు మెడ మీద కూర్చుని వసూలు చేసేవి. ఇల్లినాయ్‌లో ఏమైందో తెలుసా? పియోరియా నుంచి న్యూయార్క్‌కు వంద పౌన్లకు 15 సెంట్లు. దానికన్నా 86 మైళ్ళు దగ్గరున్న గిల్మన్ నుంచి 25 సెంట్లు. ఇలాంటివి కుదరవని చేసిన చట్టం కింద ఆ రాష్ట్రం కంపెనీని పట్టుకుంటే, 1886లో సుప్రీంకోర్టు అలా పట్టుకోవడం చెల్లదంది. రాష్ట్రాలు దాటి పోయే రైలు కిరాయి ఒక్క రాష్ట్రం చెప్పేది కాదని వాబాష్ కేసులో తేల్చింది. రాష్ట్రం చెప్పకూడదు, చెప్పడానికి పైన ఇంకెవరూ లేరు. అందుకే మరుసటి ఏడు, 1887 ఫిబ్రవరిలో, కేంద్రమే చట్టం చేసి అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్‌ను పెట్టింది.

ఆ చట్టం కోసం పార్లమెంటులో, అదే వాళ్ళ కాంగ్రెస్‌లో, ఏళ్ళ తరబడి గొంతు చించుకున్న వాళ్ళలో జాన్ రీగన్ ఒకడు. టెక్సాస్ మనిషి. అంతర్యుద్ధంలో దక్షిణాది ప్రభుత్వానికి తపాలా మంత్రి, ఓడిపోయాక బోస్టన్ రేవులో కోటలో ఖైదు అనుభవించాడు, తిరిగొచ్చి మళ్ళీ జనం ఓట్లతో గెలిచాడు. సెనేటరయ్యాడు. 1891లో టెక్సాస్ గవర్నరు జిమ్ హాగ్ రాష్ట్రానికి రైల్‌రోడ్ కమిషన్ పెట్టి, దాన్ని నడపడానికి రమ్మని పిలిస్తే, ఈయన వాషింగ్టన్‌లో సెనేటు కుర్చీ వదిలేసి ఇంటికొచ్చాడు. ఇప్పటి వాళ్ళలో ఎవరైనా అలా వస్తారేమో చూపించు. కేంద్ర చట్టానికి పురుడు పోసిన చేతులే రాష్ట్రపు కమిషన్‌నూ పెంచి పెద్దచేశాయి. ఆ ఇద్దరు బిడ్డలూ కోర్టులో కొట్లాడుకునే నాటికి ఆయన లేడు. 1905లోనే పోయాడు.

టెక్సాస్ కమిషన్ మొదట కంపెనీల దోపిడీని అరికట్టింది. మంచిదే. కానీ అధికారం చేతికొచ్చాక మనసు ఒక మెట్టు దగ్గర ఆగదు. మన రాష్ట్రపు కొట్లు, మన రాష్ట్రపు కర్మాగారాలు బాగుపడాలంటే బయటివాడి సరుకు మనదాకా రాకూడదు, కిరాయిలు అలా కట్టండి అన్న దాకా పోయింది. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. టెక్సాస్ వర్తకులను కాపాడడానికే అలా కట్టారని కేంద్ర కమిషన్ విచారించి తేల్చిన సంగతే.

అడగందే అమ్మయినా పెట్టదు కదా. లూసియానా రైల్‌రోడ్ కమిషన్ ష్రీవ్‌పోర్ట్ తరఫున వాషింగ్టన్‌కు ఫిర్యాదు పెట్టింది. గమనించావా, ఒక రాష్ట్రపు కమిషన్ ఇంకో రాష్ట్రపు కమిషన్ చేసినదాని మీద పైకెక్కి మొరపెట్టుకుంది. 1912 మార్చిలో కేంద్ర కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. ష్రీవ్‌పోర్ట్ నుంచి వసూలు చేసే కిరాయి ఎక్కువగా ఉంది, ఇంతకు మించకూడదు అంది. అంతటితో ఆగలేదు. డల్లాస్, హ్యూస్టన్‌ల నుంచి తూర్పుకు ఎంత దూరానికి ఎంత తీసుకుంటున్నారో, ష్రీవ్‌పోర్ట్ నుంచి పడమటికి అంత దూరానికి అంతే తీసుకోవాలి, ఈ వివక్ష మానండి అంది.

ఇప్పుడు కంపెనీల పాట్లు చూడు. వాషింగ్టన్ మాట విని టెక్సాస్ లోపలి కిరాయి పెంచితే టెక్సాస్ చట్టం పట్టుకుంటుంది. టెక్సాస్ మాట విని ఊరుకుంటే వాషింగ్టన్ పట్టుకుంటుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందులో ఒకటి హ్యూస్టన్ ఈస్ట్ అండ్ వెస్ట్ టెక్సాస్ రైల్వే. మొదట్లో మూడడుగుల సన్న పట్టాల మీద, అడవుల్లో ఊగుతూ తూగుతూ పోయే బండి అది. ఆ పేరులోని పొడి అక్షరాలకు ప్రయాణికులు “ఎటెక్కినా నరకమే” అని అర్థం చెప్పుకుని నవ్వుకునేవారట. జనం ఎగతాళికి అన్నది చివరికి కంపెనీ నెత్తికే వచ్చింది. కంపెనీలు కోర్టుకెక్కాయి.

ఆ కోర్టు కథ కూడా వినదగ్గదే. రైలు తగాదాలు చూడడానికని 1910లో ప్రత్యేకంగా వాణిజ్య న్యాయస్థానం అని ఒకటి పెట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి దాన్నే ఎత్తేశారు. దానికి ఒక కారణం చెప్తాను. అందులోని జడ్జీ ఆర్చ్‌బాల్డ్ అనే ఆయన, తన ముందు కేసులున్న రైలు కంపెనీలతోనే చాటున బొగ్గు బేరాలు చేసుకున్నాడు. 1913 జనవరిలో సెనేటు విచారించి పదవిలోంచి దించేసింది. కంచే చేను మేస్తే ఇంకేముంది? అయితే ఆ కోర్టు కళ్ళు మూసేలోపు, అదే 1913లో, ష్రీవ్‌పోర్ట్ కేసులో కేంద్ర కమిషన్ ఉత్తర్వు సరైనదేనని చెప్పి పోయింది. కంపెనీలు సుప్రీంకోర్టుకు పోయాయి.

1914 జూన్ 8న తీర్పు వచ్చింది. రాసినవాడు చార్లెస్ ఎవాన్స్ హ్యూస్. గడ్డం పెంచినవాడు, మాట తూచి మాట్లాడే మనిషి. ఆయన రాష్ట్రాల అధికారమంటే గిట్టనివాడు కాదు. న్యూయార్క్ గవర్నరుగా ఉన్నప్పుడు రైళ్ళు, గ్యాసు, కరెంటు కంపెనీలను అదుపులో పెట్టడానికి రాష్ట్ర కమిషన్లు పెట్టించినవాడే. అంతకు సరిగ్గా ఏడాది ముందు మిన్నెసోటా కేసులో, కేంద్రం తన అధికారం వాడనంత కాలం రాష్ట్రం తన లోపలి కిరాయిలు తాను కట్టుకోవచ్చని రాసిందీ ఆయనే. అలాంటి మనిషి ఇప్పుడు ఇంకో పక్క చూశాడు. కేంద్ర కమిషన్ రంగంలోకి దిగింది, విచారించింది, ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్రం లోపలి కిరాయి కదా అని చేతులు కట్టుకు కూర్చోవాలా?

అక్కరలేదన్నాడు. లోపలి వ్యాపారం, బయటి వ్యాపారం ఒకదానితో ఒకటి పెనవేసుకుని, ఒకదాన్ని ముట్టుకోకుండా రెండోదాన్ని సరిచేయలేని చోట, ఆఖరి మాట కేంద్రానిదే. రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని కాపాడే అధికారం ఉంది అంటే, దాన్ని గొంతు పిసికే చేతిని పట్టుకునే అధికారం కూడా ఉన్నట్టే. ఆ చేయి రాష్ట్రం లోపలిదైనా సరే. కంపెనీలు కేంద్రం మాట విని లోపలి కిరాయిలు పెంచితే, ఆ మేరకు టెక్సాస్ ఉత్తర్వు వాళ్ళను కట్టలేదు. లర్టన్, పిట్నీ అనే ఇద్దరు జడ్జీలు ఒప్పుకోలేదు. మిగతావాళ్ళంతా హ్యూస్ వైపే.

నువ్వు తెలివిగలవాడివి, అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అడగలేదు. నేనే చెప్తాను. వివక్ష పోవాలంటే రెండు దారులు. ఎక్కువున్న కిరాయి దించొచ్చు, తక్కువున్నది పెంచొచ్చు. కంపెనీవాడు ఏ దారి పడతాడు? పెంచే దారే. అప్పుడు లఫ్‌కిన్‌లో కొట్టువాడికి హ్యూస్టన్ సరుకు కూడా ప్రియమవుతుంది. ఆ కేసులో పేర్లన్నీ అమ్మే ఊళ్ళవే, నాయనా. కొనే ఊళ్ళు మైళ్ళ లెక్కలో మాత్రమే కనిపిస్తాయి. ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరుగుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. అయినా నన్నడిగితే హ్యూస్ చెప్పిందే న్యాయం. ఇవాళ టెక్సాస్ ఒక గోడ కడితే, రేపు లూసియానా ఇంకోటి కడుతుంది, ఎల్లుండి అర్కన్సా. రైలు వేసింది ఊళ్ళను కలపడానికి. దాని మీద కూర్చుని ఊళ్ళను విడగొట్టే అధికారం ఎవరికీ ఉండకూడదు.

ఆ గోడల సంగతి మనకు తెలియనిదా? మా మధిర నిజాం ఇలాకా, బెజవాడ ఇంగ్లీషువాళ్ళ ఇలాకా. మధ్యలో రైలు 1889 నుంచీ నడుస్తున్నా, మా నాన్న కాలంలో అటు రూపాయి వేరు, ఇటు రూపాయి వేరు. ఇంగ్లీషువాళ్ళ కల్దారు రూపాయలు ఆరింటికి నిజాం హాలీ రూపాయలు ఏడు. బెజవాడలో సరుకు కొని సరిహద్దు దాటితే కరోడ్‌గిరీ వాళ్ళు సుంకం అడిగేవారు. అందుకని మా నాయనమ్మ బెజవాడలో కొన్న కొత్త చీర అక్కడే కట్టేసుకుని, పాతది మూట కట్టుకుని రైలెక్కేదట. వెనక పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక్కొక్కావిడ ఎంత లావుగా దిగేదో మా నాన్న చెప్పి నవ్వేవాడు. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం రాసిన పెద్దలు రైళ్ళను పూర్తిగా కేంద్రం జాబితాలోనే పెట్టారు. దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని 301వ అధికరణంలో రాశారు. రాసినా, 2017 జూలైలో జీఎస్టీ వచ్చేదాకా రాష్ట్రం సరిహద్దుల్లో లారీలు చెక్‌పోస్టుల ముందు రాత్రుళ్ళు రాత్రుళ్ళు కాచుకునేవి. నువ్వూ చూశావు చిన్నప్పుడు, ఆ లారీల వరస లెక్కపెడుతూ బస్సులో నిద్రపోయేవాడివి.

ష్రీవ్‌పోర్ట్ కేసు 1914 తీర్పుతో ఆగలేదు. 1920లో అమెరికా కాంగ్రెస్ దాని సారాన్ని రవాణా చట్టంలోనే పెట్టేసింది. హ్యూస్ 1916లో కోర్టు వదిలి అధ్యక్ష పదవికి నిలబడి విల్సన్ చేతిలో కొద్దిలో ఓడిపోయాడు. 1930లో ప్రధాన న్యాయమూర్తిగా మళ్ళీ అదే కోర్టుకు వచ్చాడు. 1937లో కార్మిక సంఘాల చట్టం మీద పెద్ద కేసు వస్తే, కర్మాగారం గోడల లోపలి సంగతి కేంద్రానికెందుకని ఉక్కు కంపెనీ వాదించింది. ఆయన తన పాత రైలు తీర్పునే బయటికి తీసి, కేంద్రానికి ఆ అధికారం ఉందన్నాడు. గుర్రబ్బండి కిరాయి దగ్గర పుట్టిన మాట కూలివాడి సంఘం దాకా పోయింది.

అయితే పైవాడిదే ఆఖరి మాట అన్నప్పుడు, ఆ పైవాడు ఏ మాటా చెప్పకుండా కూర్చుంటే ఏమిటి గతి? అది నన్ను బాధిస్తుంది. ఒహాయో రాష్ట్రంలో ఒక చట్టం ఉండేది. రైలు గేటు దగ్గర ఆగి, రోడ్డును అయిదు నిమిషాలకు మించి అడ్డగించకూడదు. మంచి చట్టం కాదూ? అవతలి పక్క పురిటి నొప్పుల మనిషి ఉండొచ్చు, ఇల్లు కాలుతుండొచ్చు. 2022లో ఒహాయో సుప్రీంకోర్టే ఆ చట్టం రైలు కంపెనీ మీద చెల్లదంది. రైళ్ళ సంగతి కేంద్రానిదని. పోనీ కేంద్రమైనా ఇన్ని నిమిషాలకు మించి గేటు మూయొద్దని చెప్పిందా అంటే, అలాంటి నియమం దానికీ లేదు. ష్రీవ్‌పోర్ట్ కేసులో కేంద్ర కమిషన్ విచారించి, లెక్కలు చూసి, ఉత్తర్వు ఇచ్చాక కోర్టు దాని పక్కన నిలబడింది. ఇక్కడ రాష్ట్రం చేయి పట్టుకుని ఆపారే గానీ, ఆ పని చేసే చేయి ఇంకోటి చూపించలేదు. దీనికి నా మనసు ఒప్పుకోదు. పెద్దరికం తీసుకున్నవాడు పెద్దరికం చేయాలి.

ఇంక మిగిలినవాళ్ళ సంగతి. వాషింగ్టన్‌లోని ఆ కమిషన్‌ను 1995 చివర్లో ఎత్తేశారు, దాని పని ఇంకో బోర్డుకు ఇచ్చారు. టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్ మాత్రం ఆస్టిన్‌లో ఇప్పటికీ ఉంది. చమురు బావులు పడ్డాక అది చమురు, గ్యాసు సంగతులు చూడడం మొదలుపెట్టి, నెమ్మదిగా అదే దాని అసలు పనైపోయింది. రైళ్ళ మీద మిగిలిన కాస్త అధికారం 2005లో ఇంకో శాఖకు పోయింది. పేరులో రైలు అలాగే ఉంది. కమిషనర్లను జనమే ఓటేసి ఎన్నుకుంటారు.

మార్షల్‌లో 1912లో కట్టిన ఎర్ర ఇటుకల స్టేషన్ ఇప్పటికీ నిలబడి ఉంది. కేంద్ర కమిషన్ ఉత్తర్వు వచ్చిన ఏడు అది. అందులో మ్యూజియం పెట్టారు, డల్లాస్ మీదుగా నడిచే ప్రయాణికుల రైలు ఇప్పటికీ అక్కడ ఆగుతుంది. వారాంతంలో ఎక్కడికి పోవాలో తోచక సినిమాలకు పోతామంటావు కదా. ఈసారి మీ ఆవిణ్ణీ పిల్లనీ తీసుకుని ఆ రైలెక్కి మార్షల్‌లో దిగు. మ్యూజియంలో పాత కిరాయి పట్టీ ఏదైనా కనిపిస్తే, మీ పిల్లకు 42 మైళ్ళ లెక్క నువ్వే చెప్పు.